లోపలికి రానా?

డిసెంబరు నెల... మధ్యాహ్నం మూడున్నర! ఉత్తర సముద్రం మీద చలికాలపు చీకటి అప్పుడే కమ్మింది. విట్బీ ఊరి కొండ మీది శిథిల మఠంలో గుడ్లగూబ భీకరంగా కూసింది. ఫెళఫెళమంటూ ఉరుము! ఆ ఉరుము చల్లారకముందే నవలా రచయిత లూసియన్ వేల్ భవనం తలుపు తోసుకుని లోపల అడుగుపెట్టింది థెల్మా.

థెల్మా చేపలకు పొగ పెట్టే కొట్టంలో పనిచేస్తుంది. చచ్చిపోయిన మొగుడు ముప్పయ్యేళ్ళ కాపురంలో "నీకేం కావాలే?" అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. వేల్ నవలల్లోని రక్తపిశాచి రాకుమారుడో... మూడువందల ఏళ్ళ ఆకలితో అలమటిస్తూ కూడా కిటికీ బయటే ఆగి, "లోపలికి రానా?" అని అడుగుతాడు! ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆమె ఆ నవలలను అట్టలు ఊడేదాకా చదివింది. ఊళ్ళో ఆమెతో కలిపి అలాంటి ఆడవాళ్ళు నలభై మంది. ఎముకలు కొరికే చలిలోనూ కిటికీ గడియ తీసి పడుకునేవారు. వేల్‌కు మనసు విప్పి ఉత్తరాలు రాసి, చివర రక్తపు చుక్క అద్ది, "నా కిటికీ తెరిచే ఉంది, రా" అని ముగించేవారు. అలా రాయమని ప్రతి నవల చివరా ఆయనే కోరాడు మరి!

వాళ్ళలో ఒకతె, థెల్మా నేస్తం గ్వెండా, నెలరోజులుగా చిక్కి శల్యమైపోతోంది. డాక్టర్లకు అంతుపట్టలేదు. ఇవాళ చూస్తే మంచం ఖాళీ... కిటికీ బార్లా తెరిచి ఉంది! మంచులో వట్టి కాళ్ళ గుర్తులు ఈ భవనం దాకా వచ్చాయి. ఆయన దాన్ని కాపాడి ఉంటాడనుకుంది థెల్మా, పిచ్చిది!

లోపల... నల్ల కొవ్వొత్తుల నడుమ కపాలం! దాని చుట్టూ వలయంగా నలభై ఉత్తరాలు! మధ్యలో గ్వెండా... జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి, మగ గొంతుతో "లోపలికి రానా... లోపలికి రానా..." అని గొణుగుతోంది. ఆమె ఉత్తరం మీది నెత్తుటి చుక్క పాలిపోతున్నకొద్దీ ఎదుట కూర్చున్న వేల్ ముఖం మీది ముడతలు మాయమవుతున్నాయి!

"అయ్యా! దాన్ని వదిలెయ్యండి, చచ్చిపోతుంది!"

"చేపల కంపు... థెల్మావి కదూ?" వాడు వికటంగా నవ్వాడు. "పదకొండేళ్ళ నుంచీ ఒకటే సోది! మా ఆయన నన్ను అడగలేదూ, అడగలేదూ అని! నాకు తొంభై ఆరేళ్ళే పిచ్చిదానా! మీ ఆయుష్షే నా తిండి. నేనేమన్నా దొంగతనంగా వచ్చానా? మీరేగా రమ్మని పిలిచింది!"

కన్నతల్లికి కూడా చెప్పుకోని మాటలవి! వాడి నోట వింటుంటే థెల్మా సిగ్గుతో ఏడ్చేసింది. ఇంత నమ్మకద్రోహమా! ఆ ఏడుపులోంచే ఆమెకు ఒక పేజీ గుర్తొచ్చింది.

"రెండో నవల, పంతొమ్మిదో అధ్యాయంలో ఏం రాశారయ్యా?"

"ఎవడికి గుర్తు? ఆ చెత్త రాయడమే ఎక్కువ, మళ్ళీ చదవడం కూడానా!"

"మేం పదిహేడుసార్లు చదివాంరా! పిలిచిన ఆడదే పొమ్మంటే ఆ పిశాచి ఇక క్షణం నిలవలేడు! ఒసేయ్ గ్వెండా! ఆ అధ్యాయం నీకు కంఠతా వచ్చు కదే... చెప్పవే తల్లీ!"

"నోర్ముయ్!" వేల్ మంత్రదండం ఎత్తాడు. గ్వెండా పెదవులు వణికాయి... ఈసారి వచ్చింది ఆమె సొంత గొంతు.

"పో... నా కిటికీ మూసేశాను."

"నాదీ మూసేశా! పోరా!" అరిచింది థెల్మా.

వలయంలోని ఉత్తరాలన్నీ రెపరెపలాడుతూ లేచాయి! వాటిలోంచి మిగతా ముప్పై ఎనిమిది ఆడగొంతులు ఒక్కసారిగా "పో!" అని గర్జించాయి! ఏ క్షుద్రమంత్రమూ ఆ నలభై మంది నమ్మిన మాట ముందు ఆగలేదు. కపాలం భళ్ళున పగిలింది. తొంభై ఆరేళ్ళూ ఒక్కసారిగా మీద పడి, వేల్ కెవ్వున కేకవేస్తూ పిడికెడు బూడిదై కూలాడు!

గ్వెండా కళ్ళు తెరిచింది. "థెల్మా... మన రాకుమారుడు వచ్చాడా?"

"లేదే. అలాంటివాడు అసలు లేనే లేడు," అంటూ ఆమెను కావలించుకుని థెల్మా భోరుమని ఏడ్చింది.

ఆ సాయంత్రం గ్వెండాను తన ఇంటికే తెచ్చి పడుకోబెట్టింది. అలవాటుగా కిటికీ దగ్గరికి వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. పదకొండేళ్ళలో మొదటిసారి గడియ పెట్టింది.