ఎర్ర టేపు, తెల్ల టేపు

ఏంట్రా అబ్బాయ్, నీకే చెప్పేది, అటూ ఇటూ చూడకు. పోయిన నెల ఇంట్లో ఏడ్చి మొత్తుకుని పన్నెండు వేల పెసోల బాస్కెట్‌బాల్ బూట్లు కొనిపించుకున్నావు కదా. ఎన్ని అంగుళాలు ఎక్కువ ఎగిరావు? బుట్టకి నీ చెయ్యి అందిందా, పోనీ బుట్ట నీడకైనా అందిందా? సరే, సిగ్గుపడకు. ఫిలిప్పీన్స్ మొత్తంలో నాటు పిస్టళ్లకి పేరుపడ్డ మా దనావో ఊళ్లో నీకంటే పెద్ద వెర్రివాడు ఉన్నాడు. మూడు లక్షల ఎనభై వేలు పోసి పోటీ పిస్టల్ కొన్నాడు. వాడి కథ విన్నావంటే నీ బూట్లు చవకగా కనిపిస్తాయి.

వాడి పేరు విర్జిల్. సరుకు ఓడలో ఇంజన్లకి నూనె పోసే ఉద్యోగం. రెండు ప్రయాణాల జీతం మొత్తం ఊడ్చి ఆ విదేశీ పిస్టల్ కొని, సెలవులో ఊరికొచ్చి, జోరు వానలో షూటింగ్ రేంజ్‌కి నడిచొచ్చాడు. రెయిన్‌కోటు ఉంది. కానీ అది పిస్టల్ పెట్టె మీద ఉంది. వాడు మాత్రం తడిసి ముద్దయ్యాడు.

రేకుల షెడ్డు కింద బల్ల ముందు కూర్చుని తూటాల్లో మందు నింపుతున్న క్లారిబెల్ తలెత్తి చూసింది.

"ఏంటి డోంగ్," అంది, మావైపు కుర్రాళ్లని పిలిచినట్టే. "పెట్టెలో పసిపిల్లాడా?"

"పిస్టల్."

"నీకు జలుబు చేసినా పర్లేదు, దానికి చెయ్యకూడదన్న మాట."

విర్జిల్ పెట్టె తెరిచాడు. నీలం మఖ్మల్ మీద పిస్టల్ తళతళలాడింది. ధర చెప్పాడు. చెప్పకుండా ఉండలేడు కదా పాపం.

క్లారిబెల్ తూకం పక్కన పెట్టింది. "ఇలాంటిది మా నాన్న నలభై వేలకి చేస్తాడు. మిగతా మూడు లక్షల నలభై వేలు దేనికి? మఖ్మల్‌కా?"

"ట్రిగ్గర్ నొక్కి చూడు డే, పిల్లా. పండిన సపోటా తొడిమ ఊడినట్టు ఊడుతుంది."

"కొట్టి చూపించు."

గురి కోసం నిలబెట్టినవి ఆరు ఇనుప పళ్లాలు. నాలుగు పడ్డాయి. రెండు వాడి వంక చూస్తూ అలాగే నిలబడ్డాయి.

"గాలి," అన్నాడు విర్జిల్.

"పళ్లాలకి తగలని గాలి నీ గుళ్లకే తగిలిందా?"

అక్కడున్న షూటర్లంతా గొల్లుమన్నారు. విర్జిల్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ మర్నాడు మళ్లీ వచ్చాడు. వంద తూటాలు కావాలన్నాడు. పాతిక తీసుకుని వెళ్లిపోయాడు. మిగతా పాతికల కోసం మూడు రోజులు వచ్చాడు. నాలుగో రోజుకి క్లారిబెల్‌కే అనుమానం వచ్చింది, వీడికి లెక్క రాదా, లేక బాగా వచ్చా అని.

ఒక్క మాట చెప్పాలి. ఆ రేంజ్‌లో క్లారిబెల్ నింపిన తూటాని ఎవరూ మళ్లీ తూకం వెయ్యరు. వేస్తే, చర్చిలో ఫాదర్ నోట్లో పెట్టిన అప్పాన్ని బయటికి తీసి వాసన చూసినంత తప్పు. మందు కొలత వాళ్లమ్మ పాసింగ్ నేర్పింది. ఇసుక రేణువంత తేడా రాదు. ఆ పిల్ల పరువు, అన్నం, రెండూ ఆ తూకం పళ్లెంలోనే ఉన్నాయి.

ఇక వాళ్ల నాన్న సబాస్. ముప్పై ఏళ్లుగా చేత్తో పిస్టళ్లు చేస్తున్న మనిషి. పిల్లనడగాలనుకునే కుర్రాడు ముందు ఆ ఇంట్లో చాకిరీ చెయ్యడం మా పద్ధతి. కట్టెలు కొట్టాలి, నీళ్లు మొయ్యాలి. సబాస్ ఇంట్లో గ్యాస్ ఉంది, కొళాయి ఉంది. అందుకని ఆయన విర్జిల్ చేతికి ఆకురాయి ఇచ్చాడు.

నెల రోజులు. ఇనుప ముక్కకి దీపం మసి పూయడం, జత చేసి చూడడం, మసి చెరిగినచోట రాకడం, మళ్లీ పూయడం. విర్జిల్ వేళ్లు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి.

"ఇప్పటికి ఎన్నిసార్లు రాకావు డోంగ్?" అనేవాడు సబాస్.

"లెక్కపెట్టలేదు నోంగ్," అనేవాడు విర్జిల్, పెద్దవాళ్లని పిలిచే మర్యాదతో.

"మంచిది. లెక్కపెట్టేవాడి కళ్లు గడియారం మీద ఉంటాయి."

అంతా బాగానే ఉందనుకున్నారు. బుధవారం విర్జిల్ ఓడెక్కాలి, మళ్లీ తొమ్మిది నెలలకి గానీ రాడు. ఈలోగా వాళ్లమ్మ కాల్చిన పందిని, కొబ్బరాకు పొట్లాల అన్నాన్ని పట్టుకొచ్చి పిల్లనడగాలి. శనివారం సాయంత్రం ఆ మాటెత్తగానే సబాస్ చేతులు తుడుచుకున్నాడు.

"రేపు మధ్యాహ్నం రేంజ్‌కి రా. నీ పిస్టలొకటి, నాదొకటి. రెండూ ఒకే నమూనా, రెంటికీ ఒకే చెక్క పిడి వేస్తాను, ట్రిగ్గర్ బరువు సమానం చేస్తాను. పైనుంచి కిందికి టేపు చుడతాను. దానితో ఆరు, దీనితో ఆరు కొట్టు. ఏది మేలో చెప్పు. నాది మేలంటే మీ అమ్మని రమ్మను."

"మీది కాదంటే?"

"మూడు లక్షల ఎనభై వేలు పెట్టావుగా. దాన్నే పెళ్లి చేసుకో."

క్లారిబెల్ వీధి మలుపు దాకా విర్జిల్ వెనకే పరిగెత్తింది.

"నువ్వు నాన్నదే మేలని చెప్పాలి."

"టేపు కింద ఏది ఎవరిదో నాకెలా తెలుస్తుంది?"

"తెలిస్తే చెబుతావా?"

వాడు తల గోక్కున్నాడు. "నా చెయ్యి ఏం చెబితే అదే చెబుతాను డే. అబద్ధమాడి నిన్ను తెచ్చుకుంటే, తొమ్మిది నెలలు ఆ ఇంజన్ రూమ్‌లో నీ మొహం ఎలా తలుచుకోను?"

"వెర్రివాడా! నిజం చెబితే తలుచుకోవడమే మిగులుతుంది!"

ఆదివారం పొద్దున సబాస్ పిస్టళ్లలో తూటాలు పెట్టే మ్యాగజైన్లు రెండు తెచ్చి కూతురి బల్ల మీద పెట్టాడు. పిస్టళ్లకి చుట్టిన రంగులే, ఒకదానికి ఎర్ర టేపు, ఒకదానికి తెల్ల టేపు.

"ఎర్ర టేపుది నాది. కలిసిపోకుండా చూడు. ఆ కుర్రాడికి చెప్పకు."

ఆయన వెళ్లిపోయాడు. క్లారిబెల్ తెల్లదానికి ఆరు తూటాలు ఎప్పటిలాగే నింపింది. ఎర్రదాని దగ్గర చెయ్యి ఆగింది. మందు తగ్గితే పేలినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నే తన్ను తగ్గుతుంది. తన్ను తగ్గితే ఏ పిస్టలైనా పాలకోవాలా ఉంటుంది. కొట్టేవాడికి అది పిస్టల్ గొప్పతనమే అనిపిస్తుంది.

పక్కనే పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఏరుతున్న పాసింగ్ అడిగింది, "చెయ్యెందుకే వణుకుతోంది?"

"చలి, నాయ్," అంది అమ్మతో.

"ఇంత ఉక్కలో చలా?" అని పాసింగ్ మళ్లీ తొడుగుల్లో పడింది.

క్లారిబెల్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మందు చిటికెడు తగ్గించింది. ఆరుసార్లు తగ్గించింది. ఆరో తూటా మూసి మ్యాగజైన్‌లోకి నొక్కేసింది.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. షెడ్డు కింద పదిమంది షూటర్లు చేరారు. విర్జిల్ తెల్ల టేపుది తీసుకున్నాడు. ఆరు దెబ్బలు. అయిదు పళ్లాలు పడ్డాయి. ప్రతి దెబ్బకీ పిస్టల్ మూతి పైకి లేచింది.

ఎర్రది తీసుకున్నాడు. ఠక్, ఠక్, ఠక్. ఆరూ పడ్డాయి. మూతి దాదాపు కదలలేదు. విర్జిల్ ఆశ్చర్యంగా పిస్టల్ వంక చూశాడు.

"చెప్పు," అన్నాడు సబాస్.

"ఎర్రది మేలు నోంగ్. చాలా మేలు."

క్లారిబెల్ పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది. సబాస్ కత్తితో ఎర్ర టేపు చివర లేపి, మెల్లగా ఊడదీశాడు. ఒక్కో చుట్టూ ఊడుతుంటే ఇనుము మీద అక్షరాలు బయటపడ్డాయి.

విదేశీ పేరు. అది విర్జిల్ పిస్టల్.

క్లారిబెల్ ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. ఎర్రది నాన్నది కదా? నాన్నే చెప్పాడు కదా?

"చేతి మాట విన్నావు," అన్నాడు సబాస్ చల్లగా. "ఇక నీ పిస్టల్ నువ్వు పట్టుకెళ్లు. మీ అమ్మకి పంది ఖర్చు తప్పింది."

విర్జిల్ పిస్టల్ తీసుకుని మఖ్మల్ మీద పెట్టాడు. పెట్టె మూసే గొళ్లెం రెండుసార్లు వేలికి దొరకలేదు. "నెల రోజులు పని నేర్పారు నోంగ్. మర్చిపోను," అని వానలోకి అడుగేశాడు. ఈసారి పెట్టె మీద రెయిన్‌కోటు కప్పలేదు.

క్లారిబెల్ ముందు రెండే దారులు. నోరు మూసుకుంటే వాడు బుధవారం ఓడెక్కుతాడు, అంతే. నోరు తెరిస్తే ఈ పదిమంది రేపటి నుంచి తన తూటాలు తూకం వేసుకుంటారు. నాన్న ఇంకెప్పుడూ తన చేతికి మందు డబ్బా ఇవ్వడు.

"ఆగు!"

అందరూ తిరిగారు.

"ఎర్ర టేపు తూటాల్లో మందు తగ్గించాను! తాయ్, నాన్నా, ఎర్రది నీదనుకున్నాను, నిన్ను గెలిపిద్దామని! వాడి చెయ్యి మంచిదే. దొంగ చెయ్యి నాది!"

ఒక షూటర్ తన జేబులోని తూటా తీసి అనుమానంగా చూసుకున్నాడు.

సబాస్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని క్లారిబెల్ దగ్గరికి వెళ్లింది. ఏడుపు కాదు. మనిషి నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాడు.

"వాడు నీకిష్టమైతే మందు తగ్గిస్తావని తెలుసే పిచ్చిదానా! అందుకే రంగు అబద్ధం చెప్పాను! వాడెలాంటివాడో ఆకురాయి పట్టిన మొదటి వారంలోనే తెలిసింది. తెలియనిది నీ సంగతే. ఎన్నిసార్లడిగాను, ఈ అబ్బాయి నీకిష్టమా అని? ప్రతిసారీ 'నీ ఇష్టం తాయ్, నీ ఇష్టం తాయ్'. ఏ రాష్ట్రపతి వచ్చి అడిగినా మందు తగ్గించని పిల్ల ఒకడి కోసం తగ్గించిందంటే, ఇంకేం అడగాలి? ఒరేయ్ డోంగ్! ఆ వానలో ఏం చేస్తున్నావు? లోపలికి రా!"

విర్జిల్ నీళ్లు కార్చుకుంటూ వచ్చి క్లారిబెల్ పక్కన నిలబడ్డాడు.

"నా కోసం తూకం తప్పావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మళ్లీ తప్పను. ఆశ పెట్టుకోకు."

"ఒక్కసారి చాలు డే. తొమ్మిది నెలలకి సరిపోతుంది."

షూటర్లు ఈలలు వేశారు. ఒకడు మాత్రం వదల్లేదు. "అదంతా సరే నోంగ్. మూడు లక్షల ఎనభై వేలకి అది తగునా, తగదా? దాని కోసమేగా వానలో వచ్చాం!"

ఈసారి అందరి ముందూ ఒకే కొలతతో పన్నెండు నింపింది క్లారిబెల్. విర్జిల్ కాగితం గురి మీద కొట్టాడు. సబాస్ పిస్టల్ గుళ్లు నిమ్మకాయంత చోట పడ్డాయి. విదేశీది, అదే నిమ్మకాయ ఒలిస్తే ఎంతుంటుందో అంత చోట.

"నిజం చెప్పు," అన్నాడు సబాస్.

"నాదే మేలు నోంగ్. తొక్కంత."

"తొక్కంతకి మూడు లక్షల నలభై వేలు!"

"పెట్టాను నోంగ్. మళ్లీ అయితే పెట్టను. అమ్మేసి మీ దగ్గర ఒకటి చేయించుకుని, మిగిలిందాంతో ఇల్లు కడతాను."

సబాస్ మీసం కింద ముసిముసిగా నవ్వాడు. ఓడిపోయినందుకు కాస్త మంటగా ఉంది, దాచుకోవడం చేతకాలేదు. ఛాతీ విరుచుకుని అందరి వైపూ తిరిగాడు.

"తొక్కంతే కదా! ముప్పై ఏళ్ల కిందట మీ పాసింగ్‌ని అడగడానికి వెళ్తే, మా మామ కూడా నాకు ఇలాంటి పందెమే పెట్టాడు. ఆయన అమెరికా పిస్టల్, నా నాటు పిస్టల్. రెంటితోనూ ఆయనే కొట్టాడు. కొట్టి, నాదే మేలని ఒప్పుకుని పిల్లనిచ్చాడు. ఆ రోజే కదా నేను ఈ వృత్తిలో నిలబడింది! అది మాత్రం ఎవడూ కాదనలేడు!"

ఖాళీ తొడుగుల బుట్ట చంకనేసుకుని ఇంటికి బయల్దేరిన పాసింగ్ ఆగి, మొగుణ్ని కిందినుంచి పైకి ఒకసారి చూసింది.

"అవునవును. మరి మా నాన్నకి తూటాలు నింపిపెట్టేది ఎవరనుకున్నావు?"