దొడ్లో ముగ్గేసిన ఇల్లు

పొద్దుటి కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా శ్రీరంగనాయకులు నోరు విప్పడు. ఆ ఇంటికి దొరికే ప్రశాంతత రోజు మొత్తానికి ఆ కాసేపే కనక అందరూ దాన్ని గౌరవించేవారు. ఆ శనివారం మాత్రం గ్లాసు సగంలో ఉండగానే ఆయన చాపమీద ఓ కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు తమలపాకుల కట్టలు పెట్టి, వంటింటివైపు కేకేశాడు.

"ఏమే రత్నం! ఇలా వచ్చి చూడు. ఏలూరులో ఇంతవరకూ ఏ షావుకారూ చెయ్యని పని చేస్తున్నాను."

రత్నాంబ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. తమ్మిలేరు గట్టున వాళ్ళకున్న స్థలం ప్లాను అది. ఇప్పుడక్కడ పన్నెండు తాటాకు గుడిసెలున్నాయి. పోయిన వేసవిలో నిప్పంటుకుని నాలుగు బూడిదైతే మళ్ళీ వేసుకున్నారు. జూటు మిల్లులో కొత్త షెడ్డు లేచినప్పటినుంచీ చింతలపూడి మెట్టనుంచీ, కొల్లేటి లంకల్నుంచీ జనం మూటలతో వచ్చి దిగుతున్నారు. ఊళ్ళో పశువుల పాకకి కూడా అద్దె పలుకుతోంది. గుడిసెలు తీసేసి, అదే అద్దెకి పెంకుటి గదులు కట్టించి ఇద్దామని నాయకులుకి బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. కాకపోతే పుట్టింది గోనెసంచుల వ్యాపారి బుర్రలో.

"పన్నెండు గదులు. ఎనిమిదడుగులు ఇటు, ఎనిమిదడుగులు అటు. పైన బంగాళాపెంకు. ఇంక నిప్పు భయం లేదు" అన్నాడు.

"వెనకున్న ఈ పెద్దదేమిటండీ?"

"గొడౌను. మన గోనెలకి."

"దీనికి పైన మూడు గవాక్షాలు గీశారే?"

"గోనెలు చెమ్మపట్టవూ? గాలి ఆడాలి."

"మరి గదులకి?"

నాయకులు ఆమెకేసి జాలిగా చూశాడు. "తలుపుందిగా" అన్నాడు.

రత్నాంబ కాగితంకేసి మరోసారి చూసి, "బాగుందండీ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె అంత తొందరగా 'బాగుంది' అంటే భయపడాలని పెళ్ళైన ఇరవయ్యేళ్ళలో ఆయన నేర్చుకోలేదు.

ఆ పూటే మరియంబీ దొడ్డిదారిన వచ్చి బావి దగ్గర నిలబడింది. ఆమె భర్త దాదాపీర్ తివాసీలు నేస్తాడు. ఆ గుడిసెల్లో మూడోది వాళ్ళది. ఒకప్పుడు రత్నాంబ వాకిట్లో వేసిన చుక్కల ముగ్గు చూసి, అడిగి మరీ దాన్ని తివాసీ అంచుకి ఎక్కించాడు దాదాపీర్. ఆ తివాసీ ఓడెక్కి సీమకి వెళ్ళిపోయింది. ముగ్గు వేసినావిడ తాడేపల్లిగూడెం దాటి ఎటూ వెళ్ళలేదు. అప్పణ్ణుంచీ ఆ ఇద్దరాడవాళ్ళకీ మాటలు కలిశాయి.

"సెలవు తీసుకుందామని వచ్చానమ్మగారూ" అంది మరియంబీ. "కామవరపుకోటలో మా అన్నయ్య ఉన్నాడు. పొలం పనికి పోతాం అక్కడ."

"దాదాపీర్ పొలం పనికా? ఆ వేళ్ళతోనా?"

"ఏం చేస్తాం చెప్పండి. మేస్త్రీ తాతాజీగారు గదుల కొలత చెప్పారు. మా మగ్గం దూలమే పదకొండడుగులు. సోమవారం పునాదులకి ముగ్గు పోస్తారటగా. మగ్గం కట్టెలకింద అమ్మేద్దాం అంటున్నాడు మా ఆయన. రాత్రి అన్నం తిన్లేదు." ఆమె కళ్ళు కొంగుతో ఒత్తుకుని, వెంటనే నవ్వింది. "మా సుల్తానాకి మాత్రం సంబరంగా ఉంది, బండెక్కొచ్చని."

మధ్యాహ్నం భోజనాల దగ్గర రత్నాంబ మాట కదిపింది. గొడౌను కొంచెం తగ్గించి గదులు పెద్దవి చెయ్యకూడదా అని అడిగింది. నాయకులు మజ్జిగ పోసుకోబోయి ఆగిపోయాడు.

"గొడౌను తగ్గిస్తే సరుకెక్కడ పెట్టను? నీ పట్టెమంచం మీదా? ఊరికే ఇచ్చినట్టు ఇస్తుంటే ఇంకా పెద్దవి కావాలా! అసలు ఎనిమిదడుగుల గదంటే ఏవనుకున్నావు? ఒద్దికగా ఉండటం తెలిస్తే రాజులా బతకొచ్చు."

"గోనెలకున్నంత చోటు మనుషులకి లేదు కదండీ."

"గోనెలు కబుర్లు చెప్పవు!" అని ఆయన గట్టిగా అరిచాడు. విస్తరి ముందు అరవడం ఆయనకి అలవాటు లేదు. కూతురు జ్ఞానప్రసూనాంబ, పన్నెండేళ్ళ పిల్ల, ముద్ద చేత్తో పట్టుకుని బిగుసుకుపోయింది. లోపలి గదిలోంచి ఆయన తల్లి సుందరమ్మ గొంతు వినిపించింది.

"ఏవిట్రా ఆ అరుపు? నేను చచ్చానా, ఇల్లు అంటుకుందా?"

రత్నాంబ మాత్రం గొంతు పెంచలేదు. "అయితే ఓ పందెం వేద్దామండీ. రేపు ఆదివారం, కొట్టు లేదు. దొడ్లో ముగ్గుతో ఆ గది గీస్తాను, అందులో మనం నలుగురం పొద్దు కుంకేదాకా ఉందాం. మీరు గీత దాటకపోతే ఈ జన్మలో ఇంక నేను కొట్టు మాటా, స్థలం మాటా ఎత్తను. దాటితే సోమవారం ముగ్గు నేను చెప్పినట్టు పోయించాలి."

నాయకులు ఆలోచించాడు. ఆమె ఈ జన్మలో ఆ మాటలు ఎత్తకపోవడం అన్నది ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. ముఖం విప్పారింది. "సరే" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆయన లేచి దొడ్లోకి వచ్చేసరికి బావికీ వంటింటి అరుగుకీ మధ్య నేలమీద తెల్లటి ముగ్గుపిండితో ఎనిమిదడుగుల చదరం గీసి ఉంది. చుక్కలు లేకుండా పూలు వేసే చెయ్యి అది. గీత దారం కట్టినట్టుంది. నాలుగు మూలలా వెదురుబొంగులు పాతి, చుట్టూ గోనెపట్టా కట్టి, పైన కూడా గోనె కప్పారు. ఒక పక్క మాత్రం గుమ్మమంత ఖాళీ వదిలారు.

"ఇంత పట్టా ఎక్కడిదే?"

"మన కొట్లోదేనండీ. కిటికీ లేదని మీరు చెప్పారు కదా, సందు లేకుండా కుట్టాను. లోపలికి రండి, కాఫీ చల్లారిపోతుంది."

లోపల ఒక మూల కుంపటి, ఒక మూల నీళ్ళ బిందె. మూడో మూలనుంచి నాలుగోదాకా సుందరమ్మ నులకమంచం, దానికి పైన ఆవిడ మడిబట్ట ఆరేసిన దండెం. ప్రసూన పుస్తకాలు మంచం కింద. నాయకులు తన పడక్కుర్చీ తెప్పించుకున్నాడు. కుర్చీ పట్టింది. ఆయన అందులో వాలితే కాళ్ళు గుమ్మంలోంచి బయటికొచ్చాయి.

"గీత!" అంది ప్రసూన.

ఆయన కాళ్ళు లోపలికి తీసుకున్నాడు. మోకాళ్ళు కుంపటికి తగిలాయి. జరిగాడు. భుజం దండేనికి తగిలింది.

"మడిబట్ట ముట్టుకున్నావు గదరా!" అని సుందరమ్మ లేచి బావి దగ్గరికి స్నానానికి వెళ్ళింది. పది గంటలయ్యేసరికి ఆవిడ మూడో స్నానం అయింది. "ఈ గదిలో మడి దక్కదు గానీ ఒంటికి మహా శుభ్రంగా ఉందే అమ్మాయ్" అంది కోడలితో.

రత్నాంబ వంకాయ కూర పోపు వేసింది. ఎండు మిరపకాయల ఘాటు గోనె కప్పుకి తగిలి, బయటికి దారి లేక, వచ్చి అందరి గొంతుల్లోనూ కూర్చుంది. నలుగురూ వరసగా దగ్గారు. గోడ అవతలనుంచి పొరుగింటి వెంకటనరసమ్మ తొంగి చూసి, "ఏవండీ వదినగారూ, దిష్టి తీస్తున్నారా?" అని అడిగింది.

"కాపురం చేస్తున్నామండీ!" అంది రత్నాంబ కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడే దాదాపీర్ తమ్ముడితో కలిసి మగ్గం దూలం మోసుకొచ్చాడు. అమ్మగారు కబురు చేశారని, కొలిచి చూడమన్నారని చెప్పి తలగుడ్డ తీసి నిలబడ్డాడు. సుందరమ్మ మంచంతో సహా బయటికి తరలింది. కుర్చీ మడిచారు. దూలం గోడవారగా పెడితే మూడడుగులు గుమ్మంలోంచి బయటికొచ్చింది.

నాయకులు చెమట తుడుచుకుంటూ, ఓటమి ఒప్పుకోని గొంతుతో, "ఏటవాలుగా తిప్పవయ్యా, మూలనుంచి మూలకి" అన్నాడు.

తిప్పారు. సరిగ్గా పట్టింది. నాయకులు విజయగర్వంతో అందరివంకా చూశాడు. "చూశారా? పట్టలేదూ!"

"పట్టిందండీ షావుకారుగారూ" అన్నాడు దాదాపీర్ మెల్లగా. "మగ్గం హాయిగా ఉంటుందండీ. మేం ఆరుగురం ఎక్కడుండాలో తమరు సెలవిస్తే..."

వెటకారం కాదది. నిజంగానే అడిగాడు. నాయకులు దూలంకేసి చూశాడు. ఏళ్ళ తరబడి నూలు ఒరుసుకుని ఆ కొయ్య అద్దంలా నునుపెక్కింది. దాన్ని కట్టెలకింద అమ్ముతారన్న సంగతి రత్నాంబ అప్పుడు చెప్పింది.

దాదాపీర్ వెళ్ళాక మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సుందరమ్మ మంచం మళ్ళీ లోపలికొచ్చింది. ప్రసూన చాపేసుకుని నిద్రపోయింది. కుంపటి పక్కన రత్నాంబ గిన్నెలు సర్దుకుంటోంది. మిగిలిన చోటు నాయకులుది. మిగిలిన చోటు లేదు. ఆయన కాసేపు నిలబడ్డాడు. కాసేపు గుమ్మంలో ఒంటికాలిమీద ఉన్నాడు. చివరికి ఎవరూ చూడటం లేదనుకుని, ఒక గోనెసంచి తీసుకుని వెళ్ళి వంటింటి అరుగుమీద పరుచుకుని పడుకున్నాడు.

రత్నాంబ గుమ్మంలోంచి చూసింది. గెలిచానని అరవలేదు. "ఏవండీ, అక్కడున్నారేం?" అంది అంతే.

"ఓడిపోయి కాదే" అన్నాడాయన కళ్ళు మూసుకునే. "ఇక్కడ గాలి బాగుంది."

లోపల సుందరమ్మ జపమాల ఆగిపోయింది. ఆవిడ మంచం మీంచి లేచి, మడి సంగతి మరిచిపోయి, కొడుకు పక్కన అరుగుమీద వచ్చి కూర్చుంది.

"ఏవన్నావురా?"

"గాలి బాగుందన్నానమ్మా."

"మీ నాన్నా అదే మాట అనేవాడు" అంది సుందరమ్మ.

నాయకులు కళ్ళు తెరిచాడు.

"తాడేపల్లిగూడెంలో మన కొట్టు వెనక గది గుర్తుందా నీకు? నువ్వు పుట్టిందక్కడే. నేనూ, నువ్వూ, మీ అక్కా, మీ నాయనమ్మా. ఆయనకి చోటుండేది కాదు. పన్నెండేళ్ళు ఇలాగే గోనె పరుచుకుని వీధరుగుమీద పడుకున్నాడు. వానొస్తే అదే గోనె కప్పుకునేవాడు. లోపలికి రండి, ఎలాగో సర్దుకుందాం అంటే, 'ఇక్కడ గాలి బాగుందే' అనేవాడు."

"నాన్నకి గాలంటే ఇష్టం కదమ్మా" అన్నాడు నాయకులు చిన్నపిల్లాడిలా. "అందరికీ అలాగే చెప్పేవాణ్ణి."

"నువ్వలా చెప్పుకు తిరుగుతుంటే వినడం ఆయనకిష్టం రా. అందుకే నేనూ చెప్పలేదు."

నాయకులు లేచి కూర్చుని, కింద పరిచిన గోనెసంచిని చేత్తో తడుముతూ ఉన్నాడు. పాతికేళ్ళుగా ఆయన అమ్ముతున్న సరుకే అది. ఎప్పుడూ ఎంత బరువు పడుతుందనే చూశాడు గానీ, వానలో కప్పుకుంటే ఎలా ఉంటుందో చూడలేదు. కళ్ళనీళ్ళు జారాయి. తుడుచుకుని, "ఆ పోపు ఘాటు ఇంకా పోలేదే" అన్నాడు.

"అవునండీ, పోలేదు" అంది రత్నాంబ. ఆమె కళ్ళూ అలాగే ఉన్నాయి.

సాయంత్రం గోనెపట్టా విప్పేశారు. నాయకులు ముగ్గుచిప్ప అడిగి తీసుకుని, పంచె ఎగ్గట్టి, ఆ చదరం పక్కన కూర్చున్నాడు. "గొడౌను వద్దు. సరుకు కొట్టు మేడమీదికెక్కిస్తాను. ఆ చోటు ఈ పన్నెండింటికీ పంచుతాను. గదులు పన్నెండే ఉంటాయి, అద్దె పెంచను. ఏటివైపు మగ్గాలకి ఓ ఎత్తుపాక అందరికీ కలిపి. ఇదిగో, ఇంటికో కిటికీ" అంటూ గీత గీశాడు. అది పామెళ్ళినట్టు వెళ్ళింది.

"ముందు అరుగు కూడా పెట్టించరా" అంది సుందరమ్మ. "అరుగుమీద పడుకునేవాడు గాలికే పడుకోవాలి. చోటు లేక కాదు."

సోమవారం మేస్త్రీ తాతాజీ వచ్చి ప్లాను కాగితం అడిగితే, నాయకులు అతన్ని దొడ్లోకి తీసుకెళ్ళి ముగ్గు చూపించాడు. తాతాజీ గొప్ప పనివాడు. చూసింది చూసినట్టు కట్టడం తప్ప ఏమీ ఎరగడు. కొలతలన్నీ తాడుకి ముళ్ళేసుకుని పోయాడు. అందుకే ఆ వరసలో ప్రతి ఇంటి కిటికీ గోడా జానెడు వంకర. ముందే దిద్దకూడదా అని ప్రసూన అడిగితే, "మీ నాన్న మొదటి ముగ్గే, ఎలా చెరపను?" అంది రత్నాంబ.

మరుసటి వేసవికి ఇళ్ళు లేచాయి. దాదాపీర్ మగ్గం ఎత్తుపాకలో మొదటి స్థానంలో నిలబడింది. మరియంబీ అన్నయ్య కామవరపుకోటనుంచి వచ్చి చూసి, తనకీ ఓ ఇల్లు దొరుకుతుందా అని అడిగి వెళ్ళాడు. బండెక్కే అవకాశం పోయిందని సుల్తానా వారంరోజులు అలిగింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నాయకులు గట్టుమీద నడుస్తూ, దాదాపీర్ అరుగుమీద చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉండటం చూశాడు.

"ఏవయ్యా దాదాపీర్! లోపల చోటు చాల్లేదా?"

దాదాపీర్ లేచి నిలబడి, "ఉందండీ షావుకారుగారూ" అన్నాడు. "ఇక్కడ గాలి బాగుందండీ."

నాయకులు ఆ మాట నమ్మలేదు. వంకర కిటికీ దగ్గరికి వెళ్ళి, దగ్గి, లోపలికి తొంగి చూశాడు. మరియంబీ పిల్లకి జడ వేస్తోంది. అవతలి గోడవారగా ఒక చాప పరిచి ఉంది. దానిమీద ఎవరూ లేరు. ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు, ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి ఆయన అరుగుమీద దాదాపీర్ పక్కన కూర్చున్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని, తమ్మిలేటివైపు ముఖం తిప్పాడు.

"అవునయ్యా" అన్నాడు. "నిజంగానే బాగుంది."