ఎనభై మూడుసార్లు తెరుచుకున్న తలుపు

"నా గది తలుపుతో మీకేటండీ పని?"

స్టూలెక్కి గుమ్మానికి స్క్రూ బిగిస్తున్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. స్క్రూడ్రైవర్ జారి, గుమ్మం ముందు నిలబడ్డ కనక కాళ్ళ దగ్గర పడింది. ఆమె తీసివ్వలేదు. కాలితో ఇంకాస్త అవతలికి నెట్టింది.

"డోర్ సెన్సార్ అండి. అరకులో మా షాపుంది. సోంబరు గారు చవకలో మంచి రకం పెట్టమన్నారు."

"దేనికి?"

ఆ గొంతులో కోపం అతనికి అంతుపట్టలేదు, పాపం. ఉత్సాహంగా రెండు తెల్ల ముక్కలు చూపించాడు. "ఒకటి తలుపుకి, ఒకటి గుమ్మానికి. రెండూ పక్కపక్కనుంటే నోరెత్తవు. విడదీస్తే ఫోన్‌లో ఒకటే గోల. కిటికీకి ఇంకో జత. దొంగల భయమే ఉండదు."

"నా గదిలో దొంగ ఎత్తుకుపోడానికేటుంది? చాపా, దుప్పటీనా?"

"కాఫీ గింజల గది అన్నారే..." అతను లోపలికి తొంగిచూశాడు. గింజల బస్తాల్లేవు. గోడకి అద్దం, దండెం మీద చున్నీలు. అతని మొహం వాడిపోయింది.

"గోల ఎవరి ఫోన్‌కి?"

"సోంబరు గారికే."

"అదీ సంగతి. దొంగ లోపలికొస్తే కాదు, నేను బయటికెల్తే తెలియాల. మీ పేరేటి?"

"తాతారావు."

ఇరవై ఆరేళ్ళ మనిషికి ఆ పేరా! ఇంకో రోజయితే ఆమె పగలబడి నవ్వేది. "మా తాతే బతికుంటే మీ కింద స్టూలు లాగేసేవాడు," అంది.

పెరట్లోంచి ఆమె అన్న సోంబరు కేకేశాడు. "పని కానీవయ్యా, కబుర్లు తరవాత!" తాతారావు తలొంచుకుని రెండు జతలూ బిగించి వెళ్ళిపోయాడు. తల వంచుకున్నందుకు ఆమె అతన్ని క్షమించలేదు.

గొడవంతా ఒక రీల్ దగ్గర మొదలైంది. వ్యూపాయింట్ దగ్గర కనకకి రేకుల కాఫీ కొట్టుంది. సొంత తోట గింజలు, సొంత చేత్తో వేయించిన పొడి. పది రోజుల కింద ఎవడో టూరిస్టు కాఫీ తాగి, ఆమెకి తెలియకుండా వీడియో తీసి, పిచ్చి పాటొకటి తగిలించి పెట్టేశాడు. అది ఊరూరా తిరిగి సోంబరు నడిపే జీపెక్కే జనం ఫోన్లలోకీ వచ్చింది. సోంబరు పరువు పోయిందన్నాడు. కొట్టు మూసేయమన్నాడు. తీసినవాడు హాయిగా కారెక్కి పోయాడు, తలుపు మాత్రం కనకకి మూతపడాలట! ఎక్కడి న్యాయం అది?

మర్నాడు పొద్దున్నే మొదలైంది వరస. తలుపు తీస్తే చాలు, ఫోను.

"ఎక్కడికెల్తన్నావు?"

"నీళ్ళకి."

పావుగంటకి మళ్ళీ.

"ఇప్పుడేటి?"

"బాత్రూంకి! దానికీ సెప్పాలా?"

ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. గడప మీద కూర్చుని తలుపుకేసి చూస్తూ ఉండిపోయింది. సరే, తలుపు తీస్తే తెలియాలి, అంతే కదా! తెలియనీ.

రెండోరోజు జీపు కొండ దారి పట్టగానే కనక తలుపు పక్కన పీట వేసుకుంది. తీసింది, వేసింది. తీసింది, వేసింది. చెయ్యి నొప్పెడితే రెండో చెయ్యి. ప్రతిదానికీ పైకే లెక్కపెట్టింది.

కొండ దారిలో సిగ్నల్ ఉండదు. సిల్వర్ ఓక్ చెట్ల మలుపు తిరిగితే ఒక్కసారిగా వస్తుంది. ఆ మలుపులో సోంబరు జేబు అరవడం మొదలుపెట్టింది. "డోర్ ఓపెన్! డోర్ ఓపెన్! డోర్ ఓపెన్!"

జీపులో పద్నాలుగు మంది. ఎవరికి అందిన డోరు వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. అల్లం బుట్టతో కూర్చున్న ముసలమ్మయితే "ఓలమ్మో, ఆపండ్రా, పడిపోతాను!" అని జీపు నడుపుతున్న సోంబరు మెడే పట్టుకుంది. జీపాగినా జేబు ఆగలేదు.

సాయంత్రం సోంబరు తాతారావుని చొక్కా పట్టుకున్నంత పని చేసి వెంటబెట్టుకొచ్చాడు. "సూడు నీ మిషను! ఊరికే అరుత్తంది."

తాతారావు స్టూలెక్కి చూశాడు. ఫోన్ చూశాడు. కనక వాచిపోయిన అరచేతులు చూశాడు. పెదవి కొరుక్కున్నాడు, నవ్వు ఆపుకోడానికి.

"మిషన్ బంగారంలా ఉందండి. తలుపే నిజంగా ఎనభై మూడుసార్లు తెరుచుకుంది."

"ఎనభై నాలుగు," అంది కనక. "ఒకటి మింగేసింది నీ మిషను."

సోంబరు గుడ్లురిమాడు. "అరవకుండా సెప్పే రకం లేదేటయ్యా?"

"ఉంది," అన్నాడు తాతారావు. ఈసారి తల వంచలేదు. "కానీ పెట్టను. గింజల గదని అబద్ధమాడి పెట్టించారు. దొంగకైతే పెడతాను, ఇంట్లో మనిషికి పెట్టను."

"నువ్వాగు, నేను సెప్తాను." కనక అన్న ఎదురుగా నిలబడింది. "వీడియో తీసినోడి తలుపుకి పెట్టావా అన్నా ఇది? నా తలుపుకే పెట్టావు. సిగ్గు నాకా, ఆడికా?"

సోంబరు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "భయమేసిందే," అన్నాడు. "ఇంకోడెవడో ఇంకేటి సేత్తాడోనని."

"నాకూ భయమే. ఆ రోజు ఏడిసేను కూడా. అయినా కొట్టు తెరుత్తాను. ఆడికి భయపడి మూసుకుంటే నేనేటైపోవాల?" ఆమె తాతారావు వైపు తిరిగింది. "ఇవి పీకి నా కొట్టు కిటికీకి పెట్టు. గోల నా ఫోన్‌కి రావాల. నాకొక్కదానికే."

సోంబరు తాతారావు కోసం స్టూలు జరపబోయి ఆగాడు. స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, తలుపు మీది ముక్క తనే ఊడదీశాడు.

కొట్టు కిటికీ రేకుది. ఇనుము తగిలితే సెన్సార్ లోపలి అయస్కాంతం తికమకపడుతుందని తాతారావు మధ్యలో చెక్కముక్క పెట్టాడు. మర్నాడు వచ్చి చెక్క చూశాడు. ఆ మర్నాడు స్క్రూ చూశాడు. నాలుగోరోజు సన్న జల్లులో తడిసి బ్యాటరీ చూడ్డానికొచ్చాడు.

"ఓ తాతా! బ్యాటరీ ఏడాదొస్తదన్నావు కదా?"

"వస్తుంది."

"మరి రోజూ ఏటి సూత్తన్నావు?"

"నిన్ను."

కనక కాఫీ గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టింది. "నా గుమ్మానికి కాపలా పెట్టినోడివి నువ్వు."

"పెట్టాను. ఒప్పుకుంటున్నాను, తప్పే. అప్పట్నుంచి నిద్దర్లేదు."

"నాకు కాపలా అక్కర్లేదు."

"కాపలాకి రాలేదు కనకా. నువ్వంటే ఇష్టమై వచ్చాను. వద్దంటే కాఫీ తాగి పోతాను."

అతను గ్లాసు ఖాళీ చేశాడు. వాన మాత్రం తగ్గలేదు. కనక మొలలోంచి తాళాల గుత్తి తీసి, ఒక తాళంచెవి విడదీసి బల్ల మీద పెట్టింది. "పొద్దున్న నేనొచ్చేసరికి పొయ్యి వెలిగించి ఉండాల. లేటైతే తిరిగిచ్చేయాల," అంది. అతను అంత బేగి దేన్నీ జేబులో వేసుకోలేదు జన్మలో.

తరవాతి సోమవారం పొద్దున్న కనక అన్న జీపులో ముందు సీట్లో కూర్చుంది. సిల్వర్ ఓక్ మలుపు తిరగగానే ఆమె ఒళ్ళో ఫోన్ అరిచింది. "డోర్ ఓపెన్!"

జీపంతా డోర్లు పట్టుకుంది. అల్లం బుట్ట ముసలమ్మ మళ్ళీ సోంబరు మెడ అందుకోబోయింది.

"మన జీపు డోరు కాదులేయే," అన్నాడు సోంబరు వెనక్కి తిరక్కుండా. "మా బావ కొట్టు తెరిసేడు."

బావ! కనక చటుక్కున అన్న మొహంలోకి చూసింది. అతను రోడ్డే చూస్తున్నాడు, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

"అయితే బేగి పోనీ అన్నా," అంది కనక. "కాఫీ పొంగిపోద్ది."