ఏడు గంటల చలి

1967 మే పదహారు. మంగళవారం. మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలు.

ఖరగ్‌పూర్‌లో నూట ఎనిమిది డిగ్రీల ఎండ. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది.

అలాంటి ఎండలో, గోల్‌బజార్ వెనక ఉన్న ఐస్ ఫ్యాక్టరీలో, ఒక మనిషి చలికి చచ్చిపోయి దొరికాడు.

ఎస్సై యజ్ఞనారాయణ 3.40కి అక్కడున్నాడు. ఖరగ్‌పూర్‌లోనే పుట్టిన తెలుగువాడు. అందుకని టౌన్ స్టేషన్‌లో తెలుగువాళ్ల కేసులన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి.

ఐసు దాచే గది. గోడలకు మంచు పొర. దిమ్మల మధ్య ఒక స్లీపింగ్ బ్యాగు. అందులో మెడదాకా దూరి గోవిందరావు. యాభై ఎనిమిదేళ్లు. వర్క్‌షాపులో పాతికేళ్లు రైలు బోగీల సీట్లు కుట్టి రిటైరైనవాడు. ఆ తర్వాత ఇంట్లోనే, కొండలెక్కేవాళ్ల కోసం స్లీపింగ్ బ్యాగులు కుడుతున్నాడు.

గాయాలు లేవు. చేతికి వాచీ ఉంది. బ్యాగు తాడు లోపలి నుంచే ముడేసుంది. చేతికందే దూరంలో, తలుపు తట్టడానికి ఇనుప కమ్మీ. తలుపు గడియ మాత్రం బయట ఉంది.

ఆ గడియ వేసినవాడు దేముడు. ఫ్యాక్టరీలో పనివాడు, గోవిందరావుకు ముప్పై ఏళ్ల స్నేహితుడు.

"గడియ ఎన్నింటికి వేశావు?"

"ఎనిమిదికి బాబు."

"తీసింది?"

"మూడుకి."

"ఏడు గంటలూ ఎక్కడున్నావు?"

"ఈ స్టూలు మీదే."

"ఒక్కసారైనా తట్టాడా?"

"నేదు బాబు. తడితే తియ్యనా?"

"అసలు లోపలికి ఎందుకెళ్లాడు?"

దేముడు తల దించుకున్నాడు. నాలుగుసార్లు అడిగినా అంతే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. చచ్చినవాడి గది ముందు నోరు విప్పనివాణ్ణి లోకం ఇంకేమంటుంది? 4.20కి కానిస్టేబుల్ అతన్ని లాకప్‌కి తీసుకెళ్లాడు.

శవం చొక్కా జేబులో ఒక కాగితం, పెన్సిల్ ముక్క దొరికాయి. పెద్ద పెద్ద అక్షరాలు. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కేసింది.

"8.00 లోపలికి. 9.10 పాదాలు చల్లబడ్డాయి. 10.30 కుట్టు కుట్టుకీ చలి దూరుతోంది. 12.10 పాపం, ఆ పిల్లడు."

తర్వాత ఏమీ లేదు.

గది బయట గోనెపట్టా చుట్టిన మూట ఒకటి ఉంది. అందులో అలాంటివే మరో పదకొండు బ్యాగులు. అన్నిటి మీదా కలకత్తా చౌరంగీలో ఉన్న ఒక పెద్ద షాపు లేబుల్. పైన ఉత్తరం, మే రెండో తేదీది. "మార్చిలో ఒక కాలేజీ విద్యార్థి మీరు కుట్టిన బ్యాగులో మంచు మీద ఏడు గంటలు పడుకుని మూడు కాలివేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ బ్యాగుతో పాటు, మా దగ్గర మిగిలిన పదకొండూ వాపసు పంపుతున్నాం."

యజ్ఞనారాయణ ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఏడు గంటల లెక్క ఎక్కడిదో తెలిసింది.

5.30. తాల్‌బగీచా. గోవిందరావు ఇల్లు.

భార్య నూకాలమ్మ కుట్టుమిషను పక్కన నేలమీద కూర్చునుంది. ఆవిడకు అప్పటికే కబురందింది. ఏడుపు ఇంకా రాలేదు.

"అమ్మా, షాపువాళ్లు బ్యాగులు తిప్పి పంపారు. తెలుసా?"

"ఏ బేగులు? నాకేటీ తెలీదు బాబు."

"ఆయన కళ్లు ఎలా ఉండేవి?"

ఆవిడ చప్పున తలెత్తింది. "మీకెవులు సెప్పినారు? ఆ షాపోళ్లకి తెలిస్తే ఆర్డరు ఆపీస్తారని ఎవులికీ సెప్పనేదు. పొర కమ్మీసింది. బేగులో కూరే బాతు ఈకలు ఏరడం, కడగడం ఆయన. మూడేళ్లనించి కుట్టు మాత్రం నాదే."

గోడ వారన రేకు పెట్టెలో షాపు ఉత్తరాలు. ఒక్కదాంట్లోనూ మంచి మాట లేదు. తాడు పొడుగైంది. రంగు కుదరలేదు. మీ లేబుల్ తీసేసి మాది కుట్టండి. ముప్పై చాలవు, అదే గడువుకు యాభై కావాలి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. గోవిందరావు ప్రతి ఉత్తరానికీ "చిత్తం" అని జవాబు రాసి, నకలు కూడా దాచుకున్నాడు.

1964 నాటి ఉత్తరం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. "అన్ని బ్యాగుల పాదాల దగ్గరా పసుపుపచ్చ మరక ఉంది. అసహ్యంగా ఉంది. ఇకముందు ఉండరాదు."

"ఈ మరక ఏమిటమ్మా?"

"కొత్తబట్ట కదా బాబు. మూలకి కూసింత పసుపు ఎట్టకండా ఎలా ఇస్తాం? ఎవులి బిడ్డో కొండలెక్కి పడుకుంటాడు."

"తర్వాత మానేశారా?"

 నూకాలమ్మ వీధివైపు చూసి, గొంతు తగ్గించి రెండు మాటలు చెప్పింది.

యజ్ఞనారాయణ నోట్‌బుక్ మూసేశాడు. "రేపు పదింటికి ఓసారి స్టేషన్‌కి రావాలమ్మా. మీరు కుట్టిన బ్యాగు ఒకటి తీసుకురండి."

బుధవారం, ఉదయం 10.15.

బల్లకు ఒకపక్క దేముడు. ఇంకోపక్క నూకాలమ్మ. ఎదురుగా కుర్చీలో ఆర్థర్, షాపు తరఫున సరుకు కొనే ఏజెంటు. ఇక్కడి రైల్వే కాలనీలో పుట్టిన ఆంగ్లో ఇండియన్, తెలుగు బాగా వచ్చు.

"సిగ్గుపడి చచ్చాడు, పాపం," అన్నాడు ఆర్థర్. "మా కంపెనీ ఏం చేస్తుంది సార్?"

"చావడానికి వెళ్లినవాడు గంట గంటకీ కాగితం మీద రాసుకోడు," అన్నాడు యజ్ఞనారాయణ. "పరీక్ష చెయ్యడానికి వెళ్లాడు. చలి ముదిరితే ముందు మత్తు కమ్ముతుందని డాక్టరు చెప్పాడు. తట్టాలనుకునే సరికి చెయ్యి లేవలేదు. దేముడూ, నీ మీద కేసు లేదు."



ఎస్సై చిన్న కత్తి తీశాడు. నూకాలమ్మ తెచ్చిన బ్యాగు పాదాల మూల కుట్టు విప్పాడు. లోపలి మడతలో, గోరంత మేర, పసుపు.

"పైన మరక ఉండకూడదన్నారు మీరు. భర్త మానెయ్యమన్నాడు. ఈవిడ మానలేదు. మడత లోపల పెట్టి కుట్టేసింది. ఆయనకు కూడా చెప్పలేదు."

తర్వాత వాపసు వచ్చిన బ్యాగులు ఒక్కొక్కటే విప్పాడు. పన్నెండూ. ఒక్కదాంట్లోనూ పసుపు లేదు.

"ఇవి మావి కావు," అంది నూకాలమ్మ. లేచి బ్యాగును వేళ్లతో తడిమింది. "ఇదేటి, పొరల మద్దిన గుడ్డ అడ్డగోడలే నేవు. పైపొరా కిందిపొరా కలిపి దబదబా కుట్టీసినారు. ఆ కుట్టు ఎంటే సలి దూరదేటి? ముట్టుకుంటే తెలుస్తాది."

"చెప్పండి, ఆర్థర్ గారూ."

ఆర్థర్ రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "పోయిన ఏడాది నుంచి ఇంకో చోట కూడా కుట్టిస్తున్నాం సార్. చవక. లేబుల్ అన్నిటికీ మాదే కదా."

"మరి ఉత్తరం ఈయనకెందుకు రాశారు?"

"అక్కడ కుట్టేవాళ్లు పెద్ద పార్టీ. లాయర్లున్నారు." "గోవిందరావైతే ఎదురు చెప్పడు."

యజ్ఞనారాయణకు అతన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ మాటలన్నీ రాయించి సంతకం పెట్టించాడు. షాపు మీద కేసు నిలుస్తుందో లేదో ఆయనకే నమ్మకం లేదు.

నూకాలమ్మ చేతిలో ఇంకా ఆ బ్యాగు ఉంది.

"మరి నాకెందుకు సూపలేదు?" అంది. "ముట్టుకుంటే సెప్పుదును కదా."

యజ్ఞనారాయణకు జవాబు తెలుసు. ఆ జవాబు ఆవిడకు చెప్పకుండా ఉండిపోగలిగితే బాగుండునని ఆయన నిన్నటినుంచీ అనుకుంటున్నాడు.

"దేముడు అన్నా," అందావిడ. "నువ్వు సెప్పు."

దేముడు కళ్లు తుడుచుకున్నాడు. "నీకు తెలవకూడదని ఒట్టేయించుకున్నాడమ్మా. అందుకే నిన్న నోరిప్పనేదు. యేళ్లతో తడిమి కుట్టు తప్పుందని తెలుసుకున్నాడు. యాభై బేగులని ఆళ్లు తరిమినారు కదా, తొందర్లో నువ్వే అలా కుట్టీసినావనుకున్నాడు. 'ఒక పిల్లడి కాలు పాడయ్యిందంటే నూకాలు బతకదు, ఈ కుట్టుతో కూడా సలి ఆగితే అది దాని తప్పు కాదు' అన్నాడు. ఏడు గంటలూ ఉండి చూస్తానన్నాడు."

ఆవిడ ఆ బ్యాగును బల్ల మీద పెట్టేసింది. కిందటి రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది, చప్పుడు లేకుండా.

"నా కుట్టు గెలవాలనే పడుకున్నారు," అంది. "అది నా కుట్టే అయ్యుంటే, బతికొచ్చీవోరు బాబు."

యజ్ఞనారాయణ లేచి ఆవిడకు కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.