సోమవారం ధర

మొదటి వాయి రొట్టెలు పొయ్యిలోంచి దింపి బుట్టల్లో పోసేసరికి ఏడు కావచ్చింది. చిలీలోని వల్పరాయిసోలో ఆ కొండ మీద ఆ వేళకు బేకరీ ముందు నలుగురైదుగురు నిలబడటం మామూలే. ఆ గురువారం లోపలి బల్ల దగ్గర యజమాని ఎరిబెర్తో కూతురు రొమీనా జలుబుతో ముక్కు చీదుకుంటూ కాగితాలు సర్దుకుంటోంది. ఆ పిల్ల ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేస్తోంది. పేటలోని ఆరు బేకరీల మధ్య పోటీ వల్ల కొనేవాళ్లకు ఏమైనా ఒరుగుతోందా అన్నది ఆమె పరిశోధన. అందుకే రెండేళ్లుగా రోజూ మెట్లెక్కి దిగి, పలకల మీద సుద్దతో రాసిన ధరలు రాసుకొస్తోంది. ఎరిబెర్తోకి అందులో సగం అర్థం కాదు గానీ, వచ్చిన ప్రతివాళ్లకీ ఆ సంగతి చెప్పుకోకపోతే ఆయనకు తోచదు.

"ఈ జలుబుతో ఎక్కడ తిరుగుతావు తల్లీ? నేను చెప్తా రాసుకో. ఈ వారం అందరిదీ కిలో రెండువేల వంద పెసోలు. సోమవారం నుంచి రెండువేల రెండొందల యాభై."

రొమీనా పెన్ను ఆగిపోయింది.

"సోమవారం సంగతి నీకెలా తెలుసు నాన్నా?"

"పోయిన ఆదివారం ఇనుప బిళ్లలు విసిరే ఆట దగ్గర బేకరీల వాళ్లమంతా అనుకున్నాంగా."

అనేశాక కూతురి ముఖం మారిపోవడం ఆయన చూశాడు. ఏం తప్పు మాట్లాడాడో మాత్రం తెలియలేదు. పదకొండేళ్ల కిందట తన పొయ్యి కూలిపోతే, ఇంకో బేకరీ నడిపే లిసాండ్రో తన పొయ్యిలో రెండు నెలలపాటు వీళ్ల రొట్టె కూడా కాల్చిపెట్టాడు. ఒకరి బేరం ఒకరు చెడగొట్టకూడదని ఆరు బేకరీల వాళ్లూ అప్పుడే అనుకున్నారు. అది స్నేహం కాకపోతే మరేమిటని ఆయన అడిగాడు.

"మధ్యలో పిండి రెండుసార్లు చవకైంది. ఒక్కరైనా తగ్గించారా? ఎందుకు తగ్గలేదో తెలియక ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంటున్నాను నాన్నా. చూస్తే కారణం మనింట్లోనే ఉంది."

"నేనెవరి కడుపు కొట్టానే?"

రొమీనాకు ఏడుపొచ్చింది. రాస్తే తండ్రిని బజారుకీడ్చినట్టు, రాయకపోతే తన చదువంతా అబద్ధం. ఏం చెయ్యమంటావని ఆమె అడిగితే ఆయన విసురుగా పొయ్యి వైపు వెళ్లిపోయాడు. గల్లా దగ్గర కూర్చున్న భార్య ఫ్రెసియా ఆయన్ని ఆపింది.

"రోజూ వచ్చే ఎల్సిరా అవ్వ ఆరు రొట్టెలు కొనేది, పోయినసారి ధర పెంచాక నాలుగే కొంటోంది. నాకు కనపడకుండా ఆమె సంచిలో ఒకటి ఎక్కువ పడేస్తున్నావు చూడు, అదెందుకో నీకు తెలీదా?"

ఎరిబెర్తో తర్వాతి వాయి పిండి బల్ల మీద వేసి పిసకడం మొదలెట్టాడు.

ఆదివారం ఆయన ఆటకు వెళ్లి, ఇకమీదట ధర గురించి తనతో ఎవరూ మాట్లాడొద్దని చెప్పాడు. ఎవరూ కేకలెయ్యలేదు. లిసాండ్రో మాత్రం ఆయన చేతిలోని ఇనుప బిళ్లలు తీసుకుని, "నా పొయ్యి మర్చిపోయావు" అన్నాడు. ఇంటికొచ్చే దారిలో ఎరిబెర్తోకి కళ్లు మసకబారాయి. మర్చిపోలేదని ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

సోమవారం రొమీనా మిగతా ఐదు షాపులూ తిరిగింది. ఐదింటి పలకల మీదా రెండువేల రెండొందల యాభై. కాళ్లీడ్చుకుంటూ తండ్రి షాపుకొచ్చేసరికి వరస మెట్ల దాకా ఉంది. పలక మీద పందొమ్మిది వందలని ఉంది, తండ్రి వంకర అక్షరాలతో.

"అలా చూస్తావేం? రాసుకో" అన్నాడు ఎరిబెర్తో తల దించుకునే. "నిన్నటిదాకా చేసిందీ రాయి. ఎవరని అడిగితే నా పేరు చెప్పు. మిగతావాళ్ల సంగతి వాళ్లే చెప్పుకుంటారు."

రొమీనా కాగితాలతో సహా ఆయన్ని చుట్టేసుకుంది. ఆమె జుట్టు నిండా పిండి అయింది.

"ఎవరైనా నా మాట వింటారా?" అంది వరసలో ముందున్న ఎల్సిరా అవ్వ. "ఆరు ఇవ్వు నాయనా."

కళ్లు తుడుచుకుని ఆయన ఆరు తూచాడు. అలవాటుకొద్దీ చెయ్యి ఇంకొకటి కూడా తీసింది. అవ్వ సంచిలో ఆరూ ఉండటం చూసి, దాన్ని తిరిగి బుట్టలో పెట్టేశాడు.