మా నాయన మూడో శాంపిల్

"మీ నాయన ఏదో తీపి తినొచ్చినాడు."

వేలికి సూది గుచ్చి చక్కెర చూసిన హేమలత, తల ఎత్తకుండానే తేల్చేసింది. అనంతపురం ఆసుపత్రిలో ఆమె ల్యాబ్ టెక్నీషియన్. కదిరి పిల్ల. నవ్వితే జీతం కోస్తారని ఎవరో చెప్పినట్టుంటుంది మొహం.

"లేదు మేడమ్. పరగడుపునే వచ్చినాడు," అన్నాను.

"ఒక్క అరటిపండు తింటి తల్లీ. రోన్ని బొరుగులు, గుప్పెడే. అన్నం ముట్టలేదు, ఒక్కపొద్దే ఉండాను," అన్నాడు నాయన.

నాకు తల బాదుకోవాలనిపించింది. కళ్యాణదుర్గం బస్టాండులో ఆ పండు కొనిచ్చింది నేనే. మా కుందుర్పి వైపు ఒక్కపొద్దంటే అన్నం మానేయడమే. పండ్లూ బొరుగులూ లెక్కలోకి రావు. నేనూ అదే లెక్కన కొనిచ్చాను.

"ఒక్కపొద్దు దేవునికి చేసుకోండప్పా, నా మిషన్‌కి కాదు! రెండో శాంపిల్ ఇట్లా చెడగొడితిరి!"

నాయనకు కాలేయంలో క్యాన్సర్. మాత్రలు మొదలుపెట్టి రెండు నెలలు. మందు పనిచేస్తోందో లేదో స్కాన్‌కన్నా ముందే రక్తం చెప్తుందేమోనని ఇక్కడ పరిశోధన. మాత్రలకు ముందు తీసిన మొదటి శాంపిల్‌తో పోల్చి, రక్తంలోని కొవ్వులూ చక్కెరలూ ఇంకా వందల పదార్థాలు ఎలా మారాయో చూస్తారు. నడుమ అరటిపండు దూరితే ఆ మార్పు మందుదో పండుదో తెలియదు.

"తేడా కనపడితే డాక్టరు ముందే స్కాన్ తీయిస్తాడు, మందు మారుస్తాడు. నెలలు కలిసొస్తాయి. మీ నాయనకు నెలలంటే ఎంతో తెలుసునా నీకు?"

తెలుసు. అందుకే, మళ్లీ ఎప్పుడు రావాలని అడిగాను.

"సోమవారం రా. అదీ చెడితే నేనేం చేయలేను."

సోమవారం మొదటి బస్సెక్కామో లేదో హేమలత ఫోన్.

"ఏం తింటాండాడు?"

"ఏం లేదు మేడమ్."

"వీడియోలో నోరు చూపించు."

కంబదూరు దాకా మూడుసార్లు నాయన నోరు తెరిచాడు. బస్సంతా చూసింది. కండక్టర్ అయితే ప్రత్యేకంగా వంగి చూశాడు. అనంతపురంలో దిగేసరికి నాలుగు చినుకులు పడ్డాయి. మా జిల్లాకు అదే వాన.

ఈసారి శాంపిల్ తీసుకుంది. తర్వాత పది రోజుల్లో రెండుసార్లు నేనొక్కణ్ణే వెళ్లాను.

"ఫోన్ చేస్తానంటిని కదప్పా! మళ్లీ ఎందుకొస్తివి?"

"మా ఊర్లో సిగ్నల్ ఉండదు మేడమ్."

"వీడియో కాల్ అయితే వస్తాదా?"

ఆమె తిట్లు వినడానికే బస్సెక్కానని ఎలా చెప్పను?

చివరికి నాయనను స్కాన్‌కు పిలిపించి, మరునాడు చెప్పింది. "మందు పనిచేస్తాండాది పెద్దాయనా. రక్తం చెప్పింది, నిన్నటి స్కానూ అదే చెప్పింది. గడ్డ తగ్గింది. మళ్లీ మూడు నెలలకు రాండి."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే, మూడు నెలలా! అని గుండె జారింది.

నాయన నా మొహం చూశాడు. ఆమె మొహం చూశాడు.

"రేయ్, ఒక అరటిపండు కొనుక్కొని రాపో. తినేస్తా. శాంపిల్ చెడితే వచ్చే వారమే పిలుస్తాది."

సిగ్గుతో చచ్చిపోయాను. హేమలత మాత్రం పకపకా నవ్వింది. అంత నవ్వు ఇన్నాళ్లూ యాడ దాచిందో!

"ఆ పండేదో నాకు తెప్పియ్ పెద్దాయనా. మీ రిపోర్టు ఏం చెప్తాదో అని పొద్దున్నుంచీ నేనేం తినలేదు."

తర్వాత నావైపు తిరిగింది.

"ఆదివారం నాకు సెలవు. రా. పరగడుపున మాత్రం రావద్దు."