పదకొండు బిళ్లలు

స్వయంయానం శృంగవరపుకోట దాటి ఘాట్‌రోడ్డు ఎక్కేసరికి మంచు మరీ చిక్కబడింది. ముందు అద్దంలోంచి చూస్తే అంతా తెల్లగా ఉంది తప్ప రోడ్డు జాడే లేదు. అయినా బండి డెబ్బై కిలోమీటర్ల వేగం తగ్గించలేదు. మలుపు వచ్చినప్పుడల్లా వెనక కూర్చున్న హైమ ముందు సీటును రెండు చేతులతో పట్టుకుంటోంది.

“కాస్త మెల్లగా వెళ్లమని చెప్పండీ,” అంది భర్తతో.

ముందు సీట్లో ఉన్న నరహరి వెనక్కి తిరిగి నవ్వాడు. “ఎవరికి చెప్పను? డ్రైవరుంటే చెబుదును. ఆ పలక చూడు, సున్నా అని ఉంది కదా. ముందున్న మలుపుల్లో ఒక్క తల కూడా లేదని అర్థం. తల లేనప్పుడు భయం దేనికి?”

“నాకో తల ఉంది కదండీ, అందుకు.”

నరహరి విశాఖలోని తలలెక్క కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా ఉద్యోగి. రోడ్డు మీద బండి కింద పడి మనిషి చచ్చిన వార్త విని పంతొమ్మిదేళ్లయిందని ఊళ్లో ఎవరు చెప్పినా, ఆ ఘనతలో తనకూ వాటా ఉందన్నట్టు చొక్కా సర్దుకునేవాడు. పుట్టిన ప్రతి మనిషి మెడలోనూ రూపాయి బిళ్లంత జాడబిళ్ల ఉంటుంది. అది ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టు. ఒకప్పుడు బండ్లకు కెమెరా కళ్లుండేవి. మంచు వాటిని ఏమార్చేది, వాన ఏమార్చేది. బిళ్ల మాత్రం ఏమార్చదు. అందుకని కళ్లు పీకేసి, బండ్లన్నిటినీ బిళ్లలకే అప్పజెప్పారు. ఎప్పుడైనా ఢీకొనడం తప్పని పరిస్థితి వస్తే ఎక్కువ తలలు దక్కే దారి పట్టాలన్నది వాటి మొదటి నియమం. ఒకటో తరగతి పిల్లలు కూడా దాన్ని ఎక్కాల్లా అప్పజెబుతారు.

కోటిన్నర మంది కిక్కిరిసిన విశాఖ నుంచి సొంతంగా కొండలు చూడడానికి వెళ్లాలంటే విహారపత్రం కావాలి. ఇంటికి నాలుగేళ్లకు ఒక్క రోజు. ఉదయం ఆరింటికి బయల్దేరి సాయంత్రం ఆరింటికల్లా గడప తొక్కాలి. ఈ ఒక్క రోజు కోసం హైమ ఎన్నిసార్లు క్యాలెండరు తిరగేసిందో ఆమెకే తెలీదు. అనంతగిరి కాఫీ తోటల మధ్య నిలబడి, ఎదురుగా లోయ, దాని మీద మబ్బు, అంతే, ఇంకేం అక్కర్లేదని నరహరితో చెప్పింది. ఇప్పుడు మంచు తప్ప ఏమీ కనిపించకపోయేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

“పైకి వెళ్తే విడిపోతుందిలే,” అన్నాడు నరహరి.

బండి ఒక పెద్ద రాతిగుండును చుట్టి మలుపు తిరిగింది. పలక మీది సున్నా ఒక్కసారిగా పదకొండైంది.

గుండు అడ్డుగా ఉండడంతో బిళ్లల జాడ అప్పటిదాకా బండికి అందలేదు. హైమ ముందుకు వంగి చూసింది. ముప్ఫై అడుగుల దూరంలో, మంచులో, నెత్తిన బుట్ట పెట్టుకున్న ఒక ముసలామె రోడ్డు దాటుతోంది. ఒక్కతే. చుట్టుపక్కల మరో పురుగు కూడా లేదు. బ్రేకులు కీచుమన్నాయి. తడి మట్టి మీద చక్రాలు జారాయి. బండి చెప్పింది, అదే ఎప్పటి నింపాది గొంతుతో: “బయట పదకొండు. లోపల రెండు. లోయ వైపు తిరుగుతున్నాను.”

ఆ మాట పూర్తయ్యేలోపే పిట్టగోడ బద్దలైంది.

హైమకు తెలివి వచ్చేసరికి బండి ముందుకు ఒరిగి ఊగుతోంది. వెనక తలుపు సగం తెరుచుకుని ఉంది. ముందు చక్రాలు రెండూ లోయ మీదికి వేలాడుతున్నాయి. నరహరి కుడికాలు నుజ్జయిన ముందుభాగం కింద ఇరుక్కుపోయింది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“కదలకు,” అన్నాడు. “లేదు, కదులు. నువ్వు దిగిపో.”

“మిమ్మల్ని వదిలేసా?”

“దిగి వెనక కూర్చో. బండి వెనకభాగం మీద. బరువు కావాలి.”

ఆమె దిగింది. దిగగానే బండి ముందుకు ఇంకాస్త వంగింది. అప్పటికే ముసలామె బుట్ట పట్టుకుని పరుగున వచ్చి బండి వెనకభాగం మీదికి ఎక్కి కూర్చుంది. హైమ కూడా ఎక్కింది. ఇద్దరి బరువుకూ బండి ఊగడం ఆగింది గాని, కింద గోడ రాళ్లు ఒక్కొక్కటే జారి లోయలో పడుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

హైమ బిళ్లను నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. కేంద్రం వెంటనే పలికింది.

“అమ్మా, మీ స్థితి తెలిసింది. మీ పక్కనే పదకొండు మంది ఉన్నారు. బండిని పట్టి నిలపడానికి వాళ్లు చాలు. ఇది మూడో తరగతి ఆపద. రక్షకయానం యాభై నిమిషాల్లో వస్తుంది.”

“పదకొండు మంది ఎక్కడున్నారు? ఒక్కామే ఉంది! ఇద్దరమే ఉన్నాం!”

“బిళ్లలు పదకొండున్నాయమ్మా. మీరు కంగారులో ఉన్నారు. ఊపిరి నిదానంగా పీల్చండి.”

హైమకు ఒళ్లు మండిపోయింది. పక్కనున్న ముసలామె వైపు తిరిగింది. ఆమె పేరు వంతల దొయిమతి. పై ఊరి మనిషి. అరవై దాటి ఉంటాయి. ఒడిలోని బుట్ట మీద గుడ్డ కప్పి, రెండు చేతులూ దాని మీద అదిమిపెట్టి కూర్చుంది.

“అందులో ఏముంది?” అంది హైమ.

దొయిమతి గుడ్డ కొసలు బుట్టలోకి దోపింది.

“చెప్పమ్మా! అందులో బిళ్లలున్నాయా?”

“ఉన్నాయమ్మా,” అంది దొయిమతి నేల చూస్తూ. “నాది మెడలో ఉంది. కడమవి పది ఇందలున్నాయి. ఇయాల నా వంతు.”

“వంతేమిటి?”

“తోట వంతు. కాఫీ తోటల కాయలన్నీ మరలే కోసేత్తన్నాయి. మాకేటి పని లేదు. గాని మడిసి రోజూ ఆరు గంటలు తోటల ఉంటేనే తోట ఆ మడిసిదని రూలెట్టీసినారు. ఒక్క రోజు లేకపోతే తోట ఎల్లిపోద్ది. ఇప్పుడు చోళ్లు కోతకొచ్చీసినాయి. చోళ్లు కోయకపోతే తిండేటి? అందుకని రోజుకొకర్తి అందరి బిళ్లలూ అట్టుకుని తోటలో కూకుంటాది. కడమోళ్లు చేలోకెల్తారు. మా అమ్మల కాలం నుంచీ వంతులే మాకు. నీళ్లకీ వంతే, పిల్లల్ని సూడ్డానికీ వంతే.”

కింద ఇంకో రాయి జారింది. బండి జానెడు కిందికి దిగింది. లోపల నరహరి కేక పెట్టాడు.

“కేంద్రానికి చెప్పమ్మా,” అని హైమ ఆమె చెయ్యి పట్టుకుంది. “నా మాట వినట్లేదు. నువ్వు చెబితే వింటారు. ఆయన పడిపోతారు, నీకు దణ్ణం పెడతాను!”

దొయిమతి తల అడ్డంగా ఊపింది. “సెప్తే పదిమంది తోటలూ పోతాయమ్మా. బుద్రికి ముగ్గురు పిల్లలు. సుక్రి మొగుడు లేనిది.”

హైమకు ఆ క్షణంలో బుద్రి పిల్లలు పట్టలేదు, సుక్రి పట్టలేదు. ముసలామెను భుజాలు పట్టి కుదిపేయాలనిపించింది. కానీ కదిలితే బండి కదులుతుంది. పళ్లు బిగించి ఏడ్చింది.

లోపలినుంచి నరహరి గొంతు వినిపించింది. నొప్పిని మింగుకుంటూ, ఒక్కో మాటా కూడదీసుకుంటూ మాట్లాడాడు. వాళ్ల మాటలన్నీ విన్నట్టే ఉన్నాడు.

“హైమా... ఆమె ఒక్కతే అయితే... బండి తిరిగేది కాదు.”

“ఏమిటండీ?”

“లోపల ఇద్దరం. బయట ఒకామె. తిన్నగా ఆమె మీంచే వెళ్లేది. నియమం అదే. నేనే పోయినేడు... దాన్ని పొగుడుతూ ఉపన్యాసం ఇచ్చాను.”

దొయిమతి ఆ మాట విని బండి వెనకద్దంలోంచి అతని తలనే చూసింది. ఆ తర్వాత బుట్ట మీది గుడ్డ తీసింది. పది బిళ్లలు, ఒక్కోదానికీ వేరే రంగు దారం. ఎర్రదారం బిళ్ల నోటి దగ్గర పెట్టుకుంది.

“పాంగి బుద్రి ఇక్కడ లేదు. బిళ్ల నాను మోసినాను. నాను వంతల దొయిమతిని.”

హైమ బిళ్లలో కేంద్రం అంకె మార్చింది: పది. దొయిమతి తర్వాతి బిళ్ల తీసింది. సుక్రి లేదు. తొమ్మిది. ఒక్కో పేరూ సొంత బిడ్డను ఎవరికో అప్పగిస్తున్నట్టు చెప్పింది. చివరి బిళ్ల తర్వాత కేంద్రం గొంతు మారింది.

“మీ పక్కన ఒక్కరే. మొదటి తరగతి ఆపద. రక్షకయానం ఆరు నిమిషాల్లో వస్తుంది.”

ఆ ఆరు నిమిషాలూ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

రక్షకయానం మంచును చీల్చుకుంటూ దిగి, నాలుగు ఇనుప చేతులతో బండిని రోడ్డు మీదికి లాగింది. ముందుభాగం కోసి నరహరిని బయటికి తీసింది. కాలు రెండు చోట్ల విరిగింది గాని ప్రాణానికి ఢోకా లేదంది. హైమ అతని తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

అప్పుడే పై చేలలోంచి పది మంది ఆడవాళ్లు కొడవళ్లతో పరుగెత్తుకుంటూ వచ్చారు. పేర్లు కొట్టేయగానే ఊళ్లో ఇంటింటి పలకా మోగిందట. అందరికంటే ముందు వచ్చిన బుద్రి, ముప్ఫై ఏళ్ల మనిషి, రొప్పుతూనే దొయిమతి మీద విరుచుకుపడింది.

“మా పేర్లు సెప్పీసినావా పిన్నీ? ఎవుడో పట్నం బాబు కోసం మా తోటలు తీసుకెల్లి ఇచ్చీసినావా? రేపు నా పిల్లలకేటి ఎట్టను, మట్టా?”

“ఆ బాబు నాకోసం పడినాడే,” అంది దొయిమతి. “మీరు పది మందీ నా బుట్టలో ఉన్నారని బండి నన్ను తప్పించీసింది. నానొక్కర్తినే అయితే నా మీంచి ఎల్లిపోయేది. మీవల్ల నాను బతికినాను. నావల్ల ఆయన సావకూడదు కదే.”

బుద్రి కొడవలి కింద పడేసి రోడ్డు మీద కూలబడింది.

రక్షకయానం లోపలినుంచి కేంద్రం పలికింది. “దొయిమతి ప్రకటనకు సాక్షులు ఇద్దరు కావాలి. ప్రమాద సమయంలో రోడ్డు మీద ఎంతమంది ఉన్నారు? ఒక్కరే అంటే ప్రకటన ఖాయమవుతుంది, ఈ రోజుతో పది తోటల హక్కూ రద్దవుతుంది. పదకొండు అంటే అది భయంలో పలికిన మాటగా కొట్టేస్తాం. అప్పుడు మొదటి తరగతి పిలుపు తప్పుడు పిలుపవుతుంది. పిలిచిన మనిషి విహారపత్రం శాశ్వతంగా రద్దు. బిళ్ల ముప్ఫై రోజులు మూగబోతుంది. ఆ మనిషికి ఏ వాహనంలోనూ చోటుండదు, ఇందులో కూడా.”

పిలిచిన మనిషి హైమ. ఆమె అర్థం చేసుకోవడానికి కొంత సమయం పట్టింది. నిజం చెబితే భర్త పక్కన కూర్చుని పన్నెండు నిమిషాల్లో విశాఖ చేరుతుంది. ఇందులో ఆమె తప్పేమీ లేదు, అడిగినదానికి ఉన్నది చెప్పడమే. నరహరి ముఖం చూసింది. ఈ మనిషి పెళ్లయిన కొత్తలో కూడా లెక్క తప్పు చెప్పిన కూరగాయలవాడితో అరగంట పోట్లాడినవాడు. ఆ పక్కన బుద్రి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. ఇంకెంతసేపు చూసినా తనకు ధైర్యం రాదని, చెప్పేయాల్సిందేనని హైమకు తెలిసిపోయింది.

“పదకొండు మంది ఉన్నారు,” అంది.

“రెండో సాక్షి?”

నరహరి కళ్లు మూసుకున్నాడు. అతను తలలెక్క కేంద్రం మనిషి, ఇరవై ఆరేళ్లలో ఒక్క అంకె దొంగగా వెయ్యనివాడు. హైమ చేతిని గట్టిగా నొక్కాడు.

“మావాళ్లను రాసుకోమను. నేను స్వయంగా లెక్కపెట్టాను. పదకొండు.”

హైమ మెడలోని బిళ్ల చిన్నగా గీమని ఆగిపోయింది. ఇనుప చేతులు నరహరిని లోపలికి తీసుకున్నాయి. తలుపు మూసుకునే ముందు అతను, “జాగ్రత్తగా రా,” అన్నాడు, ఏదో బజారుకు వెళ్లొచ్చేదానికి చెప్పినట్టు. ఎలా రావాలో ఇద్దరికీ తెలీదు. రక్షకయానం లేచి మంచులో కలిసిపోయింది.

దొయిమతి ఎవరి బిళ్ల వాళ్లకిచ్చింది. అందరూ మెడల్లో వేసుకున్నారు.

“కింద కోట దాకా దింపీసొద్దాం,” అంది బుద్రి, ముక్కు తుడుచుకుంటూ. “అక్కడ మా బావ ఎడ్లబండి తోల్తాడు. దానికి బిళ్లా గిళ్లా అక్కర్లేదు. మేం మద్దినేలకి తిరిగొచ్చీసినా తోటలో ఆరు గంటలు నిండిపోతాయి. నడవగలవా అక్కా?”

“నడుస్తాను,” అంది హైమ.

వాళ్లు మలుపు దిగారో లేదో పైనుంచి చక్రాల హోరు వినిపించింది. ఇంకెవరిదో విహారం. మంచులో ఏమీ కనిపించడం లేదు. హైమ అలవాటుకొద్దీ తాపీగా పక్కకు జరగబోయి నిలబడిపోయింది. ఆ వచ్చే బండికి తను లేదు. బిళ్ల మూగబోయిన మనిషి ఇంట్లోనే కూర్చుంటుందని నియమం రాసినవాళ్లు అనుకున్నారు. అది ఘాట్‌రోడ్డు మధ్యలో మూగబోతుందన్నది ఎవరికీ తట్టలేదు.

ఆమె చెయ్యి మెడలోని మూగ బిళ్ల మీదికి వెళ్లింది. దొయిమతికి అర్థమైంది.

“అమ్మిని నడుమున ఎట్టండే,” అని గదమాయించింది. “దగ్గరగా రండి. ఇంకా దగ్గరగా.”

పదకొండు మందీ ఆమెను చుట్టుకున్నారు. చోడి వెన్నుల వాసన, చెమట వాసన, వెచ్చటి భుజాలు. హోరు దగ్గరైంది. హైమ బుద్రి వీపులో ముఖం దాచుకుంది. బండి వేగం తగ్గించి, పదకొండు మందికి దారి వదిలి, వాళ్ల పక్కనుంచి మెల్లగా దిగిపోయింది.

చప్పుడు పూర్తిగా ఆగాక కూడా వాళ్లు విడిపోలేదు. ఆమెను నడుమున ఉంచుకునే కిందికి నడిచారు.